తల్లిదండ్రులను కోల్పోయిన అమ్మాయిని మెక్సికో నుంచి టెక్సాస్‌కు తెచ్చుకోవాలి, పాస్‌పోర్టు దగ్గరే ఆగిపోయాం

డాలస్ తెనాలి (అక్టోబరు 23, రాత్రి 11:50)

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి. పద్నాలుగేళ్ళుగా డాలస్ పక్కన ఉంటున్నాము. నా భార్య పుట్టిల్లు మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రం. మా వదినగారు, ఆమె భర్త ఆగస్టులో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వారి ఒక్కగానొక్క కూతురు, మా మేనకోడలు, అనాథ అయిపోయింది. ఆ పిల్లను మా ఇంటికి తెచ్చుకొని చదివించాలని నిర్ణయించుకున్నాము. భగవంతుడి దయ వల్ల డబ్బుకు లోటు లేదు, ఇంట్లో ఆమె కోసం గది కూడా సిద్ధం చేశాము.

ఈరోజు ఉదయం ఏడు గంటలకే నా భార్య ఆ పిల్లను వెంటబెట్టుకొని పాస్‌పోర్టు కార్యాలయానికి వెళ్ళింది. రెండు మరణ ధ్రువపత్రాలు, పిల్ల జనన ధ్రువపత్రం అన్నీ చూపించినా, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, పిన్నికి ఈ పిల్ల మీద ఏ హక్కూ లేదని చెప్పి తిప్పి పంపారు. సాయంత్రం నుంచి నేను వీసా దరఖాస్తు ముందు కూర్చున్నాను, పాస్‌పోర్టు సంఖ్య లేనిదే అది ముందుకు కదలడం లేదు. అక్కడి వకీలు మాత్రం స్థానిక న్యాయస్థానంలో వెంటనే దత్తత పూర్తి చేసేస్తే అన్నీ వాటంతట అవే అయిపోతాయని అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సూటిగా (అక్టోబరు 24, ఉదయం 6:15)

అమ్మాయి వయసెంత? మీ ఇద్దరిలో అమెరికా పౌరులు ఎవరు? అమ్మమ్మ, నానమ్మ, తాతలలో ఎవరైనా బతికి ఉన్నారా? ఇవి తెలియకుండా ఇచ్చే సలహా ప్రమాదకరం.

వరసల పెద్దాయన (ఉదయం 8:05)

మీకు జరిగిన కష్టానికి చాలా బాధగా ఉంది. అయితే ఒక మాట సరిదిద్దక తప్పదు. భార్య అక్క కూతురు మేనకోడలు కాదు. మనకు సొంత అక్కచెల్లెళ్ళ కూతురు మేనకోడలు, భార్య అన్నదమ్ముల కూతురు కూడా ఆ వరసే అవుతుంది. భార్య అక్క కూతురు మాత్రం మీకు కూతురు వరస. మీరు ఆమెకు బాబాయి, మీ భార్య పిన్ని. ఇంగ్లీషులో ఈ వరసలన్నింటికీ ఒకే మాట ఉండడం వల్ల మన పిల్లలు వీటిని కలిపేస్తున్నారు, పెద్దలమైన మనం కలపకూడదు. కూతురు వరస అని నోరారా చెప్పుకుంటే ఆ పిల్లకు మీ ఇంట్లో ఉండే స్థానమే వేరుగా ఉంటుంది.

సూటిగా (ఉదయం 8:20)

వరస ఏదైనా అమెరికా వలస చట్టానికి ఒక్కటే. పౌరులు తమ జీవిత భాగస్వామికి, పిల్లలకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు దరఖాస్తు చేయగలరు. తోబుట్టువు కూతురికి ఏ వర్గమూ లేదు.

డాలస్ తెనాలి (మధ్యాహ్నం 12:40)

రాత్రంతా నిద్ర లేక వివరాలు వదిలేశాను, మన్నించండి. అమ్మాయికి ఫిబ్రవరిలో 16 నిండుతాయి. నా భార్య అమెరికా పౌరురాలు, నాకు గ్రీన్ కార్డు ఉంది. పెద్దాయన చెప్పిన వరస సరైనదే, మా అమ్మ కూడా ఫోనులో అదే అన్నది.

ఆస్టిన్ తల్లి (మధ్యాహ్నం 1:30)

మీ వకీలు చెప్పిన పని దయచేసి ఈరోజే ఆపించండి. నేను భారతదేశం నుంచి పాపను దత్తత తెచ్చుకున్న తల్లిని, ఈ నియమాలన్నీ రెండేళ్ళు కాగితం కాగితంగా చదివి నేర్చుకున్నాను. మెక్సికో, అమెరికా రెండూ దేశాల మధ్య జరిగే దత్తతల గురించిన 1993 నాటి హేగ్ ఒడంబడికలో ఉన్నాయి, అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ పద్ధతిలో ముందు ఐ-800ఏ అనే దరఖాస్తుతో మీరు తల్లిదండ్రులుగా తగినవారని ఆమోదం పొందాలి, తర్వాత ఆ అమ్మాయి పేరు మీద ఐ-800 వేసి తాత్కాలిక ఆమోదం తీసుకోవాలి, ఆ తర్వాతే అక్కడి న్యాయస్థానంలో దత్తత జరగాలి. వరుస తిరగేసి ముందే దత్తత చేసుకుంటే వీసా దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. మెక్సికో వైపున డీఐఎఫ్ అనే కుటుంబ సంక్షేమ వ్యవస్థ ఇందులో ఉంటుంది, దానిని దాటి వెళ్ళే దారి లేదు.

వయసు సంగతి మరీ ముఖ్యమైనది. మామూలుగా ఐ-800 పదహారు నిండకముందే దాఖలు కావాలి. పదిహేను నిండిన తర్వాత, పదహారు నిండకముందు ఐ-800ఏ వేసి ఉంటే, దానికి ఆమోదం వచ్చిన 180 రోజుల లోపల ఐ-800 వేసుకునే వెసులుబాటు ఉంది. అంటే ఫిబ్రవరి లోపల హోమ్ స్టడీ, అంటే మీ ఇంటి, కుటుంబ పరిశీలన, పూర్తయి, ఐ-800ఏ దాఖలు కావాలి. ఆ పరిశీలనకు వచ్చేవారు మీ ఆదాయమే కాక, మీ ఆరోగ్యం, మీ దాంపత్యం, దుఃఖంలో ఉన్న పిల్లను ఎలా చూసుకుంటారన్నది కూడా అడుగుతారు.

ఇంకొక మాట. మీరు రాసిన అనాథ అన్న పదానికి అమెరికా చట్టంలో వేరే అర్థం ఉంది. ఆ పేరుతో ఉన్న ఐ-600 పద్ధతి హేగ్ ఒడంబడికలో లేని దేశాల పిల్లలకు వర్తిస్తుంది. మెక్సికో పిల్లకు అది పనికిరాదు, పొరపాటున ఆ దరఖాస్తు నింపకండి.

వరసల పెద్దాయన (మధ్యాహ్నం 2:10)

చట్టంలో అర్థం ఏదైనా కానివ్వండి, పిన్ని ఉన్న పిల్లను అనాథ అనడం మన భాషలో న్యాయం కాదు. నాథుడు లేనివారినే ఆ మాట అంటారు.

గ్వాదలహారా ఉద్యోగిని (సాయంత్రం 4:45)

నేను ఆరేళ్ళుగా మెక్సికోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాస్‌పోర్టు కార్యాలయంవారు మిమ్మల్ని వేధించలేదండి, చట్ట ప్రకారమే తిప్పి పంపారు. ఇక్కడ మైనరు మీద తల్లిదండ్రులకు ఉండే అధికారాన్ని పాత్రియా పొతెస్తాద్ అంటారు. తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు ఆ అధికారం పిన్నికి రాదు. ఫెడరల్ సివిల్ కోడ్ 414వ అధికరణం ప్రకారం అది తాతలకు, అవ్వలకు చేరుతుంది, వారిలో ఎవరికన్నది కుటుంబ న్యాయమూర్తి తేలుస్తారు. ప్యూబ్లా రాష్ట్రానికి సొంత సివిల్ కోడ్ ఉంది, అందుకని అక్కడి వకీలును అదే అడగండి. తాతలు, అవ్వలు ఎవరూ లేనప్పుడే తుతేలా, అంటే న్యాయస్థానం నియమించే సంరక్షకత్వం. ఫెడరల్ కోడ్‌లో అది ముందు తోబుట్టువులకు, తర్వాత నాలుగో అంతరం (బంధుత్వంలో ఎన్ని మెట్ల దూరమన్న లెక్క) లోపలి బంధువులకు వస్తుంది. పిన్నిది మూడో అంతరం.

మీ భార్య పెళ్ళయ్యాక మీ ఇంటిపేరు పెట్టుకొని ఉంటే ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ మనిషికి తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి, ఆడవారికి పెళ్ళితో పేరు మారదు. అమెరికా పాస్‌పోర్టులోని పేరును బట్టి ఆమె మీ వదినగారి చెల్లెలని ఎవరికీ తెలియదు. అక్కచెల్లెళ్ళిద్దరి జనన ధ్రువపత్రాలు, మీ వివాహ ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి చూపించాలి. సూటిగా గారు ఉదయం అడిగిన మూడో ప్రశ్నకు మీరు ఇంకా జవాబు ఇవ్వలేదు. అవ్వ ఎవరైనా ఉన్నారా?

డాలస్ తెనాలి (రాత్రి 9:30)

ఉన్నారు. నానమ్మగారికి 71 ఏళ్ళు, చోలులాలో ఉంటారు. అమ్మాయి ఆగస్టు నుంచి ఆమె దగ్గరే ఉంది. ఆవిడ పెద్దావిడ కదా, ఆవిడ సంతకంతో పనేముందిలే అనుకొని రాయలేదు. ఆమెకు అభ్యంతరం ఉందో లేదో మేము గట్టిగా అడగలేదు కూడా.

గ్వాదలహారా ఉద్యోగిని (రాత్రి 9:50)

మీ పని మొత్తం ఆవిడ సంతకం మీదే ఆధారపడి ఉందండి. ఆమె అధికారాన్ని న్యాయస్థానం గుర్తిస్తే పాస్‌పోర్టుకు ఆమే తీసుకువెళ్ళవచ్చు. దేశం దాటేటప్పుడు కూడా, మైనరు ఒంటరిగా గానీ వేరే పెద్దవారితో గానీ వెళ్తుంటే, ఎస్ఏఎం అనే నిష్క్రమణ పత్రమో నోటరీ అనుమతో చూపించాలి, దానిలోనూ అధికారం ఉన్నవారి సంతకమే ఉండాలి.

కొత్త సభ్యుడు (రాత్రి 10:30)

ఇంత తంటా ఎందుకండి? పాస్‌పోర్టు రాగానే పర్యాటక వీసా మీద తీసుకొచ్చి, ఇక్కడ బడిలో చేర్చి, తర్వాత టెక్సాస్ న్యాయస్థానంలో సంరక్షకత్వం అడిగితే సరిపోతుంది కదా.

సూటిగా (రాత్రి 10:40)

ఇక్కడే ఉంచేయాలన్న ఉద్దేశంతో పర్యాటక వీసా అడగడం అబద్ధం చెప్పడమే. ఆ మచ్చ జీవితాంతం అమ్మాయి మీద ఉంటుంది. ఆ వీసా మీద బడిలో చేరడానికీ వీలు లేదు.

ఆస్టిన్ తల్లి (అక్టోబరు 25, ఉదయం 7:00)

చదువే ముఖ్యమైతే ఎఫ్-1 విద్యార్థి వీసా ఉంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో అయితే మొత్తం 12 నెలలకే అనుమతి, చదువు ఖర్చు పూర్తిగా మీరే పాఠశాల జిల్లాకు చెల్లించాలి. అనుమతి ఉన్న ప్రైవేటు పాఠశాలకు ఆ 12 నెలల పరిమితి లేదు. మీకు డబ్బు ఇబ్బంది లేదన్నారు కాబట్టి ఇది ఆలోచించదగినది. చదువు తర్వాత తిరిగి వెళ్ళే ఉద్దేశం నిజంగా ఉండాలి, అధికారి అదే అడుగుతారు.

దత్తత తీసుకుంటే ఆమె పత్రాలలో తల్లిదండ్రుల పేర్లు మారిపోతాయి. ఆగస్టులో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లకు అది రెండో దెబ్బ కావచ్చు. హేగ్ ఒడంబడిక నాలుగో అధికరణం కూడా వయసును బట్టి పిల్లల కోరికను వినాలని చెబుతోంది. మీ మూడు ఉత్తరాలూ చదివాను. అమ్మాయి ఏమన్నదో ఒక్కదానిలోనూ లేదు.

డాలస్ తెనాలి (అక్టోబరు 26, రాత్రి 8:15)

ఈ ప్రశ్న చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. నిన్న రాత్రి నా భార్య అమ్మాయిని అడిగింది. నవంబరు 2 దాటేదాకా తనను ఎక్కడికీ రమ్మనవద్దని చెప్పింది. చనిపోయినవారు ఆ రోజు ఇంటికి వస్తారని వారి నమ్మకం. అమ్మానాన్నల కోసం పెడుతున్న మొదటి పీఠం ఇదే. నానమ్మతో కలిసి అత్లీస్కో వెళ్ళి బంతిపూలు తెచ్చి, రేకులు తుంచి గుమ్మం నుంచి పీఠం దాకా బాటలా పరుస్తారట. వాళ్ళ అమ్మ వంటింట్లో కట్టుకునే నీలం గళ్ళ గుడ్డను ఉతక్కుండా దాచి, దానిని పీఠం మీద మడిచి పెట్టింది. నా భార్య ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చింది.

వరసల పెద్దాయన (రాత్రి 9:00)

బంతి పుట్టిల్లు మెక్సికోయేనండి. మనం బతుకమ్మలో పేర్చేది, గుమ్మాలకు కట్టేది ఆ పువ్వే. ఆ పిల్ల మీ ఇంటికి వచ్చినప్పుడు గుమ్మానికి బంతిదండ కట్టండి, ఏ భాషా అక్కరలేకుండా అర్థమవుతుంది. మహాలయ పక్షంలో మనం పెద్దలకు పెట్టుకోవడం గురించి కూడా ఆమెకు చెప్పండి.

కొత్త సభ్యుడు (రాత్రి 9:20)

పర్యాటక వీసా మాట తెలియక అన్నాను, దానిని వెనక్కి తీసుకుంటున్నాను.

సూటిగా (రాత్రి 9:45)

ఫిబ్రవరి గడువు ఎవరి కోసమూ ఆగదు. పండగ వారిని చేసుకోనివ్వండి, హోమ్ స్టడీ మీ ఇంట్లో జరిగే పని కాబట్టి రేపే మొదలుపెట్టండి. దత్తత వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు.

డాలస్ తెనాలి (నవంబరు 5, ఉదయం 6:30)

నానమ్మగారు సోమవారం ప్యూబ్లాలో కుటుంబ న్యాయస్థానం వకీలును కలుస్తున్నారు, స్థానిక దత్తత ఆపించాము. హోమ్ స్టడీకి గుర్తింపు ఉన్న సంస్థలో పేరు ఇచ్చాము. ప్రైవేటు పాఠశాలలకు కూడా రాస్తున్నాను. అమ్మాయి ఇంకా ఏదీ తేల్చి చెప్పలేదు. ముందు వేసవిలో వచ్చి మా ఇల్లు చూసి వెళ్తానంటున్నది. అందరికీ ధన్యవాదాలు.

ఆస్టిన్ తల్లి (నవంబరు 5, ఉదయం 9:10)

నిజంగా చూసి వెళ్ళడానికే అయితే పర్యాటక వీసా అడగడంలో తప్పు లేదు. నానమ్మగారికి కూడా అప్పుడే వీసా అడుగుతారా?