గొర్లిచ్చిండ్రు సరే, మేపే జాగ ఏది?

దేవరకొండ కాపరి:
సర్కారు రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు 2018ల 4 వేలు ఇచ్చిండ్రు, రైతుభరోసా అని పేరు మార్చి 2025ల 6 వేలు చేసిండ్రు. సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ పెట్టిండ్రు. రైతుకు వస్తే నాకు కడుపుమంట లేదు. కానీ ఇవన్నీ భూమి ఉన్నోళ్లకే. మాకున్నది అర్ధెకరం, 60 జీవాలు. గొర్ల పథకం కింద 2017ల మా వాటా 31,250 కడితే 20 గొర్లు, ఒక పొట్టేలు వచ్చినయి. ఇక్కడి నీళ్లు, మేత పడక మొదటి వానకాలంలనే ఏడు చచ్చినయి. 2019 పశుగణనల గొర్ల లెక్కకు తెలంగాణనే దేశంల ముందున్నది, కోటీ తొంభై లక్షలు. అన్ని నోళ్లకు మేత ఎక్కడిది? గుట్ట మీదికి పోతే మొక్కలు నాటినమని ఎల్లగొడుతున్నరు. బీడంత పత్తి అయింది. జీవాల లెక్కన కూడ తలకింత భరోసా ఇయ్యాల్నా వద్దా, చెప్పుండ్రి.

మిర్యాలగూడ రైతు:
అన్నా, నీ బాధ నిజమే. కానీ సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొస్తే వరి పెట్టకుండ ఉంటమా? వడ్లకు మద్దతు ధర ఉన్నది, కొనే సెంటర్ ఉన్నది. పొట్టేలుకు బేరగాడు చెప్పిందే రేటు. తలకింత అని ఇస్తే లేని గొర్లు కూడ కాయితం మీద పుడతయి. ఆ పైసలు టీకాలకు, డాక్టర్లకు పెట్టాలె.

కల్వకుర్తి పాడిరైతు:
టీకాలు సరే తమ్మీ, ముందు గడ్డి సంగతి చూడు. మా దిక్కు జొన్న వేసినన్ని రోజులు చొప్ప వాము ఏడాదంత ఇంటి ముందరనే ఉంటుండె. లిఫ్టు నీళ్లొచ్చినంక వరి, పత్తి. పత్తికట్టె బర్రె తినదాయె. వరి మిషన్‌తోని కోస్తే సగం గడ్డి పొలంలనే మిగులుతది, దాన్ని కాలబెడుతున్నరు. సహకార డెయిరీకి పోసే పాలకు లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం అన్నరు; అది గడ్డి కట్టలు కొననీకే చాలదు. మూడు బర్రెల్ల రెండు అమ్మిన. వడ్లకిచ్చినట్టు జొన్నకు బోనస్ ఇయ్యమను, మనిషికి రొట్టె, పశువుకు చొప్ప.

దేవరకొండ కాపరి:
జొన్న బోనస్ మాట నాకు నచ్చింది. తలకింత అన్న నా మాట వాపస్ తీసుకుంటున్న. ఇంకోటి. ఒకప్పుడు గొర్ల ఎరువు కోసం చేన్ల మంద కడితే రైతు రాత్రికింత పైసలో, గింజలో ఇస్తుండె. ఇప్పుడు వానకాలం వరి కోసుడు, ఎంటనే యాసంగికి దమ్ము చేసుడు. గట్ల మీద గడ్డిమందు కొడుతున్నరు, మంద నిలవడే సందే లేదు. నడుమ పది రోజులు ఆగితే మాకు మేత, మీకు యూరియా ఖర్చు తగ్గుతది. మిర్యాలగూడ తమ్మీ, యాసంగి కోతలైనంక మంద కట్టనిచ్చే రైతులు మీ దిక్కు ఉంటే రాయి. 60 జీవాలతోని నడిచే వస్తం.