డెస్మండ్ ఎర్ల్ బిరుదు ఎవరికి చెందాలి? గడ్డితాడు ఎర్ల్‌కా, టవర్ ఎర్ల్‌కా?

పాత దస్తావేజు:
ఐర్లండ్ చరిత్ర చదివేవాళ్లు ఈ ఫోరంలో నలుగురైదుగురు ఉన్నారని తెలుసు కాబట్టి ఈ తగువు పెడుతున్నా.

ముందు విషయం చెప్తాను. ఐర్లండ్ దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతంలో ఫిట్జ్‌జెరాల్డ్ వంశానికి 1329లో డెస్మండ్ ఎర్ల్ అనే కులీన బిరుదు వచ్చింది. రెండున్నర శతాబ్దాలు అక్కడ వాళ్ల మాటే చట్టం. ఎలిజబెత్ రాణి కాలంలో జెరాల్డ్ ఎర్ల్‌ను 1579లో రాజద్రోహిగా ప్రకటించారు. నాలుగేళ్లు అడవులు పట్టి తిరిగాక, 1583 నవంబరు 11న ట్రాలీ దగ్గర గ్లానగీంటీలో పట్టుకుని చంపి, తల లండన్ పంపించారు. 1586లో డబ్లిన్ పార్లమెంటు అతని భూములూ బిరుదూ అన్నీ జప్తు చేసింది.

అసలు కథ ఆ తర్వాతే. 1600 వచ్చేసరికి ఒకే బిరుదుకు ఇద్దరు మనుషులు, ఇద్దరి పేరూ జేమ్సే. ఒకడు జెరాల్డ్ కొడుకు. చిన్నప్పటి నుంచీ ఖైదులోనే పెరిగాడు. లండన్ టవర్ నుంచి తెచ్చి రాణిగారే ఎర్ల్‌ని చేశారు కాబట్టి ‘టవర్ ఎర్ల్’. రెండోవాడు జెరాల్డ్ సవతి అన్న థామస్ రో కొడుకు. 1598లో తిరుగుబాటుదారులు, ఉత్తరాన రాణి మీద తిరగబడ్డ నాయకుడు హ్యూ ఓనీల్ అండతో, ఇతన్ని ఎర్ల్‌గా నిలబెట్టారు. గిట్టనివాళ్లు ‘గడ్డితాడు ఎర్ల్’, అంటే ఉత్తుత్తి ఎర్ల్, అని వెక్కిరించారు. ఆ పేరే చరిత్రలో నిలిచింది.

నా వాదన: గడ్డితాడు ఎర్ల్‌దే న్యాయమైన హక్కు. కాదనేవాళ్లు రండి.

చట్టం చుట్టం:
కాదంటాను. ఎర్ల్ అనే బిరుదు రాజు ఇచ్చిన సనదు, అంటే రాజముద్ర వేసిన అధికార పత్రం. ఇచ్చినవాడే ద్రోహం నేరం కింద వెనక్కి తీసుకున్నాడు, తిరిగి ఇచ్చే అధికారమూ అతనిదే. 1600లో రాణి టవర్ ఎర్ల్‌కి ఇచ్చింది, వ్యవహారం అక్కడితో సరి. ఓనీల్‌కి ఎర్ల్‌లను తయారుచేసే అధికారం ఎక్కడిది? టైరోన్ ఎర్ల్ అన్న తన బిరుదే ఇంగ్లండ్ రాణి దగ్గర పుచ్చుకున్నది!

గోదారి గట్టు:
చుట్టం గారూ, ఆ వంశంలో ఏ ఎర్ల్ సనదు చూపించి గద్దెనెక్కాడో చెప్పండి చూద్దాం. 1418 ప్రాంతంలో థామస్ ఎర్ల్ తన కౌలుదారు కూతురు కేథరిన్ మెక్‌కార్మక్‌ను పెళ్లి చేసుకున్నాడని సొంత బాబాయే తరిమేశాడు. పాపం థామస్ 1420లో ఫ్రాన్స్‌లో పోయాడు. బాబాయి జేమ్స్ ఎర్ల్ అయ్యాడు, రాజు కూడా సరేనన్నాడు. తర్వాత వచ్చినవాళ్లంతా ఆ బాబాయి సంతానమే.

అది పాతది అంటారా, సరే. 1540లో ఏమైంది? అసలు వారసుడు ఇంగ్లిష్ ఆస్థానంలో పెరిగిన కుర్రాడు, అతని పేరూ జేమ్సే (ఈ ఇంట్లో ఇంకో పేరు దొరకలేదు కాబోలు). ఐర్లండ్‌కి వచ్చి తన వాటా అడిగితే దాయాది మారిస్ చంపేశాడు. మారిస్ వాళ్ల అన్నగారు ఎర్ల్‌గా స్థిరపడ్డాడు. ఎనిమిదో హెన్రీ శిక్షించాడా? లేదు, దగ్గరకు తీశాడు. ఆ అన్నగారి కొడుకే మన జెరాల్డ్. దాయాది నెత్తురు మీద వచ్చిన బిరుదుకి సనదు కబుర్లేంటి సార్.

చట్టం చుట్టం:
రాజు ఒప్పుకున్నాడు కాబట్టే అది చెల్లింది. మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ నా వైపే ఉన్నాయి. దొంగదారిన వచ్చినా సరే, చివరికి రాజముద్ర పడ్డాకే అతను ఎర్ల్. గడ్డితాడు ఎర్ల్‌కి ఆ ముద్ర ఏనాడూ పడలేదు.

లిమరిక్ లక్ష్మి:
నేను ఉండేది ఐర్లండ్‌లోనే, కిల్‌మాలక్ ఊరికి కారులో అరగంట కూడా పట్టదు. టవర్ ఎర్ల్ కథ మొత్తం ఆ ఊళ్లోనే తేలిపోయింది కాబట్టి చెప్తున్నా.

1600 అక్టోబరులో అతన్ని తీసుకొచ్చారు. ఆలోచన రాణిగారి మంత్రి సెసిల్ లాంటి లండన్ పెద్దలది: జెరాల్డ్ కన్నకొడుకు కళ్లెదుట నిలబడితే జనం గడ్డితాడువాడిని వదిలేస్తారు కదా అని. మొదటి రోజు అచ్చం అలాగే జరిగింది. శనివారం సాయంత్రం కిల్‌మాలక్ వీధులు, కిటికీలు, ఇళ్ల కప్పులు కూడా జనంతో నిండిపోయాయి. పక్కింటికి భోజనానికి వెళ్లడానికి సైనికులు దారి చేస్తే అరగంట పట్టిందట. జనం అతని మీద గోధుమలు, ఉప్పు చల్లారు, మనం అక్షింతలు వేసినట్టు.

మర్నాడు ఆదివారం. ఊరి జనం కాథలిక్కులు. కుర్రాడు ఇంగ్లండ్‌లో ప్రొటెస్టెంట్‌గా పెరిగాడు, ఆ చర్చికే బయల్దేరాడు. దారి పొడవునా వద్దు బాబూ వద్దు అని వాళ్ల భాషలో బతిమాలారు. అతనికి అర్థమైందో లేదో, వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు తిట్టారు, ఉమ్మేశారు. మర్నాటి నుంచి చూడ్డానికి వచ్చినవాడు లేడు.

ఇది శత్రువులు రాసింది కాదు, ఇంగ్లిష్ వాళ్ల సొంత కథనంలో ఉన్నదే. అతను సాధించిందల్లా కాసిల్‌మెయిన్ కోట లొంగిపోవడం. 1601లో లండన్‌కి వెనక్కి తీసుకెళ్లారు, ఆ ఏడాదే పోయాడు. వయసు ముప్పై దాటిందో లేదో.

కాబట్టి చుట్టం గారూ, రాజముద్ర ఉంది, నిజమే. ముద్ర పడ్డ మనిషిని ఆ నేల రెండో రోజే కాదంది.

చట్టం చుట్టం:
మేడమ్, జనం ఉమ్మేస్తే బిరుదు పోదు.

లిమరిక్ లక్ష్మి:
పోదు. కానీ ఆ బిరుదు పట్టా కూడా అతని చేతికి ఇవ్వలేదు కదండీ. మన్‌స్టర్ ప్రెసిడెంట్, అంటే అక్కడ రాణి తరఫు పాలకుడు, జార్జ్ కేర్యూ దగ్గర పెట్టారు, పని చేసి చూపిస్తే ఇవ్వమని. షరతులతో నడిచే ఎర్ల్ ఎక్కడైనా ఉంటాడా? గద్దె మీద కూర్చోబెట్టింది ఎర్ల్‌ని కాదు, ఎరని.

నిద్రపట్టని నాని:
ఒక డౌట్ అన్నా. థామస్ రో జెరాల్డ్‌కి ‘సవతి అన్న’ అన్నారు. పెద్దవాడైతే బిరుదు మొదట అతనికే రావాలి కదా? ఎందుకు రాలేదు?

పాత దస్తావేజు:
నాని సరైన చోట వేలు పెట్టాడు. నా వాదనంతా దీని మీదే నిలబడింది.

వాళ్ల నాన్న, అంటే 1558లో పోయిన జేమ్స్ ఎర్ల్, మొదట జోన్ రోష్ అనే ఆవిడని చేసుకున్నాడు. థామస్ రో ఆమె కొడుకు. తర్వాత ఆ పెళ్లి చెల్లదని రద్దయింది. కారణం, వరసకి ఆమె ఎర్ల్‌కి మనవరాలు లాంటిది, అన్నదమ్ముల సంతతిలో. చర్చి నిషేధించిన బంధుత్వం. పెళ్లి రద్దయితే కొడుకు అక్రమ సంతానం. రెండో భార్య మోర్ ఓకారల్‌కి పుట్టిన జెరాల్డ్ వారసుడయ్యాడు.

ఆ కాలంలో గొప్పింటి పెళ్లిళ్లలో సగం దగ్గర బంధుత్వాలే. చర్చి దగ్గర మినహాయింపు కొనుక్కునేవారు, అవసరం తీరాక అదే బంధుత్వం చూపించి విడిపోయేవారు. థామస్ రో తన హక్కు కోసం జెరాల్డ్‌తో తగువాడి ఓడిపోయాడు, తర్వాత కోనా కోటలో తన మానాన తను బతికాడు. తమ్ముడి తిరుగుబాటులో చేరలేదు, 1595లో పోయాడు. తండ్రికి దక్కనిది అతని కొడుకు 1598లో కత్తితో అడిగాడు.

ఇప్పుడు ఇంకో మెట్టు ముందుకెళ్దాం. థామస్ రో సక్రమ సంతానమే అనుకోండి. అప్పుడు 1558 నుంచీ అసలు ఎర్ల్ అతనే, జెరాల్డ్ కాదు. జెరాల్డ్‌ది కానిదాన్ని జెరాల్డ్ నేరానికి జప్తు చేయడం కుదరదు. బిరుదు సంగతి అటుంచండి, భూములూ పోవు. అప్పటికే ఆ భూముల్ని ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లకి పంచేశారు. రాణి ఆస్థానంలోని వాల్టర్ రాలీ ఒక్కడికే 42,000 ఎకరాలు. కవి స్పెన్సర్‌కి కిల్‌కోల్‌మన్‌లో 3,000 ఎకరాల దాకా. గడ్డితాడు ఎర్ల్ హక్కు ఒప్పుకుంటే వీళ్లందరి పట్టాలూ చిత్తు కాగితాలే. టవర్ ఎర్ల్‌ని గుర్తించడంలో ఆ ప్రమాదం లేదు. అతని హక్కు తండ్రి నుంచి రాలేదు, రాణి దయ నుంచి వచ్చింది. అందుకే అతను ముద్దొచ్చాడు.

చట్టం చుట్టం:
ఇది తెలివైన వాదన, ఒప్పుకుంటాను. కానీ చర్చి తీర్పు ఉంది. ఆ తీర్పుని ఏ కోర్టూ కొట్టేయలేదు. ఉద్దేశం చెడ్డదని తీర్పు చెల్లకుండా పోదు. పైగా థామస్ రో స్వయంగా ఓడిపోయి ఊరుకున్నాడంటున్నారు. ముప్పై ఏళ్లు ఊరుకున్నాక కొడుకు వచ్చి మా నాన్నదే అంటే ఏ న్యాయస్థానమైనా నవ్వుతుంది.

జప్తు విషయంలో మాత్రం మీకు ఒకటి కలుపుతాను. జెరాల్డ్ ముందు జాగ్రత్తగా ఆస్తి ధర్మకర్తల పేర రాసేశాడు. 1586 పార్లమెంటులో ఆ దస్తావేజు చూపిస్తే సభ్యులు వెనకాడారు. అప్పుడు ప్రభుత్వం ఇంకో కాగితం బయటపెట్టింది. 1574లో ఎర్ల్, అతని మనుషులు ప్రభుత్వానికి ఎదురు నిలుస్తామని సంతకాలు చేసిన ఒప్పందం అది. ఆస్తి రాసేముందే ద్రోహం మొదలైందని తేల్చి దస్తావేజు కొట్టేశారు. ధర్మకర్తల తరఫున దస్తావేజు చూపించిన పెద్దమనిషి సంతకం కూడా ఆ ఒప్పందం మీద ఉంది! లాయర్‌గా ఆ దృశ్యం తలుచుకుంటే నాకే చెమటలు పడతాయి.

మాచర్ల మాష్టారు:
ఇద్దరు జేమ్సుల హక్కుల గురించి ఇంత మాట్లాడుకున్నాం. 1582లో ఆరు నెలలు తిరక్కుండా మన్‌స్టర్‌లో 30,000 మంది ఆకలికి పోయారని ఒక ఇంగ్లిష్ అధికారే రాశాడు. పంటలు తగలబెట్టారు, పశువుల్ని తోలుకుపోయారు. రెండు వైపులా చేసిన పనే, ఎక్కువగా ప్రభుత్వ సేనలు. అప్పుడు ఎర్ల్ ఎవరైతే ఏం ఒరిగింది? 1565లో అఫేన్ దగ్గర జెరాల్డ్ పక్క ఎస్టేట్ ఓర్మండ్ ఎర్ల్‌తో సొంత యుద్ధం చేశాడు. పన్నులూ సరిహద్దుల గొడవ. జనం కోసమైతే కాదు కదా. నన్నడిగితే 1598లో గడ్డితాడువాడి వెనక జనం నడిచింది అతని నాయనమ్మ పెళ్లి సక్రమమని కాదు. పోయిన పొలాలు తిరిగొస్తాయని. ఆ అక్టోబరులోనే కొత్త వలసదారుల ఇళ్లు తగలబడ్డాయి, స్పెన్సర్ ఇంటితో సహా.

గోదారి గట్టు:
మాష్టారూ, అదే నేననేది. జనం ఎవరి వెనక నడిస్తే వాడే ఎర్ల్. ఆ లెక్కన మూడేళ్లు మన్‌స్టర్‌లో ఎర్ల్ గడ్డితాడువాడే.

మాచర్ల మాష్టారు:
చివర్లో ఆ వెనక నడిచినవాళ్లు ఏరీ మరి? 1601లో మిచెల్స్‌టౌన్ దగ్గర గుహలో దాక్కుంటే పట్టిచ్చింది ఎవరు? ‘వైట్ నైట్’ అనే బిరుదున్న ఎడ్మండ్ ఫిట్జ్‌గిబ్బన్. డెస్మండ్ వంశపు కొమ్మే, నిన్నటిదాకా అదే పక్షం. వెయ్యి పౌండ్ల బహుమతి. గడ్డితాడు ఎర్ల్ టవర్‌లోనే పోయాడు. టవర్ నుంచి ఒకణ్ణి తీసుకొచ్చి, ఇంకొకణ్ణి అక్కడికే పంపారు. లెక్క సరిపోయింది.

నిద్రపట్టని నాని:
మరి ఇప్పుడు ఆ బిరుదు ఎవరి దగ్గరుంది? పూర్తిగా పోయిందా?

పాత దస్తావేజు:
పోలేదు, అదే విచిత్రం. ఫిట్జ్‌జెరాల్డ్‌లకు సంబంధం లేని ఇంట్లో ఉంది.

1619లో మొదటి జేమ్స్ రాజు తన ఇష్టుడు రిచర్డ్ ప్రెస్టన్ అనే స్కాట్లండ్ వాడిని డెస్మండ్ ఎర్ల్‌ని చేశాడు. ఇతని భార్య ఓర్మండ్ ఎర్ల్ కూతురు. డెస్మండ్ బిరుదు తరతరాల శత్రువు అల్లుడికి వెళ్లిందన్నమాట! ప్రెస్టన్‌కి ఒక్కతే కూతురు. రాజుగారికి మరో ఇష్టుడైన బకింగ్‌హామ్ డ్యూక్ మేనల్లుడు జార్జ్ ఫీల్డింగ్ ఆ పిల్లని చేసుకునేట్టు, మామగారి తర్వాత బిరుదు అతనికి దక్కేట్టు, ఇద్దరూ చిన్నపిల్లలుగా ఉండగానే ఏర్పాటు జరిగింది. 1628లో ప్రెస్టన్ సముద్రంలో మునిగి చనిపోయాడు. బిరుదు ఫీల్డింగ్‌కి వచ్చింది. పిల్ల మాత్రం మరుసటేడు తన బంధువు జేమ్స్ బట్లర్‌ని, అంటే తర్వాతి ఓర్మండ్ డ్యూక్‌ని, చేసుకుంది. ఆస్తీ ఆమెతోనే వెళ్లింది. ఫీల్డింగ్‌కి మిగిలింది పేరు ఒక్కటే.

అతని కొడుకుకి 1675లో డెన్‌బీ ఎర్ల్ బిరుదు కూడా కలిసింది. అప్పటి నుంచి ఇంగ్లండ్‌లో ‘డెన్‌బీ, డెస్మండ్ ఎర్ల్’ అని ఒకే మనిషి మోస్తున్నాడు.

చట్టం చుట్టం:
చూశారా, సనదే గెలిచింది.

గోదారి గట్టు:
మన్‌స్టర్‌లో సెంటు భూమి లేని డెస్మండ్ ఎర్ల్! మీ సనదుకి దండం సార్.

లిమరిక్ లక్ష్మి:
ఇంకో ముక్క. గడ్డితాడు ఎర్ల్ తమ్ముడు జాన్ స్పెయిన్ పారిపోయాడు. అక్కడ డెస్మండ్ కౌంట్‌గా గౌరవం పొందాడు. ఆ శాఖ అతని కొడుకుతో ఆగిపోయింది. అంటే కొంతకాలం స్పెయిన్‌లో ఒక డెస్మండ్, ఇంగ్లండ్‌లో ఒక డెస్మండ్. వంశంలో చిన్న కొమ్మలు మాత్రం ఇక్కడే మిగిలాయి. షానన్ ఒడ్డున గ్లిన్ కోటలో ‘నైట్ ఆఫ్ గ్లిన్’ అనే వంశపారంపర్య బిరుదు మోసిన 29వ వాడు 2011 దాకా ఉన్నాడు. కొడుకులు లేక అదీ ఆగింది.

నాని, నువ్వు అడగబోయేది కూడా చెప్పేస్తా. ఇప్పుడు ఇక్కడ ఎవరినీ కొత్తగా ఎర్ల్ చేయలేరు. 1937 రాజ్యాంగం 40వ అధికరణం ప్రకారం ఐర్లండ్ రాజ్యం కులీన బిరుదులు ఇవ్వదు. పౌరులు బయటి నుంచి పుచ్చుకోవాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి.

పాత దస్తావేజు:
అయితే నా ఓటు మారలేదు. చుట్టం గారి ‘చర్చి తీర్పు’ మీద ఇంకా తగువు ఉంది. అదే ఎనిమిదో హెన్రీ రోజుల్లో పెళ్లిళ్లు ఎంత సులువుగా చెల్లేవో, ఎంత సులువుగా చెల్లకుండా పోయేవో వేరే తగువు పెడతాను, అక్కడికి రండి.