పాసే సాంప్ల్ వచ్చు, సుబ్జోంక్తిఫ్ అంపార్ఫే దగ్గర ఆగిపోతున్నాను: రూపాలు ఎలా కట్టాలి?

చదువరి_కాకినాడ:

నమస్కారం అండీ. సీ1 స్థాయి ఫ్రెంచ్ చదువుతున్నాను. 19వ శతాబ్దపు నవలల్లో పాసే సాంప్ల్ (రాతలో కథ చెప్పే భూతకాలం) ఇబ్బంది పెట్టడం లేదు. సుబ్జోంక్తిఫ్ అంపార్ఫేతోనే (కోరిక, భయం, అవసరం లాంటివాటి వెంట వచ్చే సుబ్జోంక్తిఫ్‌కి భూతకాల రూపం) చిక్కు. నా సందేహాలు ఇవి.

పట్టికలు బట్టీ పట్టకుండా రూపాలు కట్టుకునే దారి ఉందా? పార్లే (మాట్లాడడం) క్రియకి "పార్లాస్, పార్లాస్, పార్లా, పార్లాస్యోఁ, పార్లాస్యే, పార్లాస్" అని రాసి ఆరింటికీ ఏ అనే అక్షరం మీద టోపీ (^ గుర్తు) పెట్టాను. సరేనా? ఒకే పేజీలో "ఫ్యూ" (ఎత్ర్, అంటే ఉండడం, క్రియ రూపం) ఒకచోట టోపీతో, మరోచోట టోపీ లేకుండా కనిపిస్తోంది. తేడా ఎలా పట్టుకోవాలి? ఇవాళ రాసే ఫ్రెంచ్‌లో ఇది నిజంగా అవసరమా?

ఫోన్‌లో ఫ్రెంచ్ అక్షరాలు కుదరక తెలుగులోనే రాశాను, ఏమీ అనుకోకండి.

వ్యాకరణప్రియ:

పాసే సాంప్ల్ వచ్చిందంటే మీకు పని దాదాపు అయిపోయినట్టే. నేనూ తెలుగులోనే రాస్తాను, వర్ణక్రమం కావలసిన చోట అక్షరాల ఇంగ్లీషు పేర్లు వాడతాను. "యూ" అని రాస్తున్నది అసలు మన "యూ" కాదు, పెదాలు గుండ్రంగా చుట్టి "ఈ" అన్నట్టు.

పాసే సాంప్ల్‌లో "త్యు" రూపం తీసుకోండి. చివరి ఎస్ కొట్టేయండి. మిగిలినదానికి ఇవి తగిలించండి:

జ్యొ (నేను): ఎస్ ఎస్ ఈ
త్యు (నువ్వు): ఎస్ ఎస్ ఈ ఎస్
ఇల్ (అతను): చివరి అచ్చు మీద టోపీ, ఆ తర్వాత టీ
ను (మేము): ఎస్ ఎస్ ఐ ఓ ఎన్ ఎస్
వు (మీరు): ఎస్ ఎస్ ఐ ఈ జెడ్
ఇల్ బహువచనం (వాళ్లు): ఎస్ ఎస్ ఈ ఎన్ టీ

టోపీ ఒక్క ఏకవచన "ఇల్"కే. మీరు ఆరింటికీ పెట్టారు, అది "ను పార్లామ్" నుంచి అంటుకుని ఉంటుంది. పాసే సాంప్ల్‌లో ను, వు రూపాలకు టోపీ ఉంటుంది, ఇక్కడ ఉండదు. రెండు ఎస్‌లు కనబడితే టోపీ లేదని గుర్తుపెట్టుకోండి. (పెరగడం అనే అర్థంలో వచ్చే క్రువాత్ర్ సంగతి వేరు, దాన్ని నిఘంటువులో చూసుకోండి.) "త్యు" రూపమే ఎందుకంటే, బహువచనం "ఇల్ పార్లేర్" నుంచి మొదలుపెడితే ఏ బదులు ఈ వచ్చి, లేని రూపం తయారవుతుంది.

అంత్య అచ్చును బట్టి కుటుంబాలు నాలుగే. ఈఆర్‌తో ముగిసే క్రియలన్నీ "ఆస్": పార్లాస్, అలాస్. "ఈస్" వాటిలో ఫినీర్, ఫేర్ (ఫీస్), ప్రాంద్ర్ (ప్రీస్), మెత్ర్ (మీస్), వువార్ (వీస్), ఏక్రీర్ (ఏక్రివీస్), క్రాంద్ర్ (క్రెన్యీస్), నేత్ర్ (నాకీస్). "యూస్" వాటిలో ఎత్ర్ (ఫ్యూస్), అవ్వార్ (యూస్), వులువార్ (వుల్యూస్), పువ్వార్, సవ్వార్, దెవువార్, లీర్, బువార్, కురీర్, మురీర్, వీవ్ర్ (వేక్యూస్). నాలుగోది వెనీర్, తెనీర్, వాటి పిల్లలు: "వాన్స్, వాన్స్, వాఁ, వాన్స్యోఁ..." ఇక్కడ మాత్రం టోపీ ఐ మీద, దాని తర్వాత ఎన్, ఆ తర్వాత టీ.

జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. మాంజేలో జీ తర్వాతి ఈ పోకూడదు, కొమాంసేలో సీ కింద తోక ఉండాలి, ఎందుకంటే తర్వాత వచ్చేది ఏ. అప్లే, అష్తే లాంటివాటిలో వర్తమానంలో వచ్చే ద్విత్వం, యాక్సెంటు ఇక్కడికి రావు. ఫేర్‌కి "ఫెజాస్" అనే రూపమే లేదు. వువార్, వీవ్ర్ కలిపేసుకోవద్దు: "వీ" వీవ్ర్‌కి వర్తమానం, వువార్‌కి పాసే సాంప్ల్. వువార్‌కి పుట్టిన ప్రేవువార్ "ప్రేవీస్" అయితే, పుర్వువార్ మాత్రం "పుర్వ్యూస్". అయీర్ (ద్వేషించడం) మూడో పురుషలో టోపీ వేసుకోదు, ఐ మీది రెండు చుక్కలే ఉంచుకుంటుంది.

త్రేర్, క్లోర్‌లకు పాసే సాంప్ల్ లేదు. కాబట్టి ఇదీ లేదు. ఎక్స్‌త్రేర్, దిస్త్రేర్ కూడా అంతే.

పాతపుస్తకాల_కొట్టు:

"ఫ్యూ" (ఎత్ర్ నుంచి), "యూ" (అవ్వార్, అంటే కలిగి ఉండడం, నుంచి) గురించి నేను చెబుతాను. తప్పులన్నీ అక్కడే, ఫ్రాన్స్ పత్రికల్లో కూడా.

ఉచ్చారణలో తేడా లేదు కాబట్టి చెవి ఏమీ చెప్పదు. పరీక్ష ఇది: ఏకవచనాన్ని బహువచనం చేయండి. "ఫ్యూర్" వస్తే టోపీ లేదు, "ఫ్యూస్" వస్తే ఉంది. అది తట్టకపోతే వాక్యాన్ని వర్తమానానికి తెచ్చి చూడండి. "ఎ" (ఈ ఎస్ టీ) సరిపోతే టోపీ లేదు, "సువా" సరిపోతే ఉంది. అవ్వార్‌కి "ఆ" అయితే లేదు, "ఎ" (ఏ ఐ టీ) అయితే ఉంది.

"బియాఁ కిల్ ఫ్యూ తార్" (ఆలస్యమైనా): బియాఁ కె తర్వాత సుబ్జోంక్తిఫ్ తప్పనిసరి, కాబట్టి టోపీ. "అప్రే కిల్ ఫ్యూ పార్తీ" (అతను వెళ్లిపోయాక): టోపీ లేదు. అప్రే కె తర్వాత జరిగిపోయిన సంగతి చెబుతాం, అక్కడ ఇండికాతిఫ్ (ఉన్నది ఉన్నట్టు చెప్పే మామూలు రూపం). అవాఁ కె (ముందు) సుబ్జోంక్తిఫ్ తీసుకుంటుంది కనుక అప్రే కె కూడా తీసుకుంటుందనుకుని చాలామంది టోపీ తగిలిస్తారు. "కాఁ తిల్ యూ ఫినీ" (అతను ముగించినప్పుడు) లేదు, "బియాఁ కిల్ యూ ఫినీ" ఉంది. ఈ నాలుగూ పక్కపక్కన రాసుకుని చూడండి, మిగతావి వాటంతటవే తేలతాయి.

ఇంకో మెలిక. "ఇల్ యూ వుల్యూ" అని టోపీతో, ముందు "కె" లేకుండా కనిపిస్తే అది సుబ్జోంక్తిఫ్ అర్థంలో రాలేదు, "ఇల్ ఓరే వుల్యూ" (అతను కోరుకుని ఉండేవాడు) అన్నదానికి సాహిత్య రూపం. దీన్ని షరతు భూతకాలపు రెండో రూపం అంటారు. అక్కడ "ఓరే" పెడితే అర్థం నిలుస్తుందా అని చూడండి, నిలిస్తే టోపీ. "సి" తర్వాత వచ్చినప్పుడు మాత్రం (సిల్ యూ స్యూ, అతనికి తెలిసుంటే) ఓరే పనికిరాదు, "ఆవే" పెట్టి చూడండి.

1990 డిసెంబరు 6న ఫ్రెంచ్ అధికార గెజిట్‌లో వచ్చిన వర్ణక్రమ సవరణలు ఐ, యూల మీద టోపీని చాలాచోట్ల ఐచ్ఛికం చేశాయి. ఈ క్రియాంతాలను మాత్రం ముట్టుకోలేదు. "కొత్త పద్ధతి ప్రకారం టోపీ అక్కర్లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

చదువరి_కాకినాడ:

ధన్యవాదాలండీ, బియాఁ కె, అప్రే కె జత చాలా ఉపయోగపడింది. ఇంకొకటి. ఫినీర్‌కి కడితే వర్తమాన సుబ్జోంక్తిఫ్ లాగే వస్తోంది. నేనే తప్పు చేస్తున్నానా?

వ్యాకరణప్రియ:

తప్పు కాదు. ఫినీర్ వర్గంలో ఐదు రూపాలు అక్షరం తేడా లేకుండా ఒకటే. తేడా మూడో పురుష ఏకవచనంలోనే: వర్తమానం "ఫినీస్", ఇది "ఫినీ" (ఐ మీద టోపీ, టీ). మిగిలినచోట ప్రధాన క్రియ కాలం చూసి అర్థం చేసుకోవాలి.

పాసే సాంప్ల్‌తో ఈ చుట్టరికం ఎందుకంటారా? రెండూ లాటిన్ పెర్ఫెక్ట్ ధాతువు నుంచే వచ్చాయి. "కాంతావిస్సెమ్" కుదించుకుని "కాంతాస్సెమ్" అయ్యి "షాంతాస్" అయింది. మూడో పురుషలో టీ ముందు ఒక ఎస్ మిగిలింది, తర్వాత పలకడం మానేశారు. టోపీ ఆ ఎస్‌కి గుర్తు. మిగతా రూపాల్లో ఎస్ బతికే ఉంది కాబట్టి టోపీతో పని లేదు. మీరు ఆరింటికీ పెట్టడం ఎందుకు కుదరదో ఇదే.

తీరం_లాంప్:

చివరి ప్రశ్నకు నా మాట: చదవడానికి తప్పకుండా అవసరం, రాయడానికి కాదు.

పాత నియమం ప్రకారం ప్రధాన క్రియ భూతకాలంలో గాని షరతు రూపంలో గాని ఉంటే, దాని కింది సుబ్జోంక్తిఫ్ అంపార్ఫేకి దిగాలి. "ఇల్ ఫో కిల్ వియెన్" (అతను రావాలి), కాని "ఇల్ ఫాలే కిల్ వాఁ" (రావాల్సి వచ్చింది). కింది పని అప్పటికే జరిగిపోయుంటే ఫ్యూ లేదా యూ ప్లస్ పార్టిసిపుల్ (పార్తీ, ఫినీ లాంటి రూపం): "జ్యొ క్రెన్యే కిల్ నె ఫ్యూ పార్తీ" (వెళ్లిపోయాడేమోనని భయపడ్డాను). మనకు "రావాలని అనుకుంటున్నాను", "రావాలని అనుకున్నాను" రెంటిలోనూ "రావాలని" కదలదు. అందుకే మనవాళ్లకు నియమం అర్థమైనా చేతికి రాదు.

ఇప్పటి ఫ్రెంచ్ కూడా మన దారికే వచ్చింది. "ఇల్ ఫాలే కిల్ వియెన్", "జ్యొ క్రెన్యే కిల్ నె సువా పార్తీ" అంటారు. 1901 ఫిబ్రవరి 26 నాటి ఫ్రెంచ్ విద్యా మంత్రిత్వ శాఖ ఉత్తర్వు షరతు రూపం తర్వాత వర్తమాన సుబ్జోంక్తిఫ్‌ను పరీక్షల్లో అనుమతించింది. 1976 డిసెంబరు 28 నాటిది భూతకాలం తర్వాత కూడా అనుమతించింది. కాబట్టి మీ వ్యాసంలో వర్తమానం రాస్తే తప్పు పట్టేందుకు ఆధారం లేదు.

అడపాదడపా సొగసుకు వాడాలనిపిస్తే మూడో పురుషలోనే వాడండి: ఫ్యూ, యూ, వాఁ, ప్యూ. "ఆస్యోఁ, ఆస్యే" రూపాలు ఫ్రెంచివాళ్లకే నవ్వు తెప్పిస్తాయి. సవ్వార్ నుంచి వచ్చే "స్యూస్" చప్పరించడం అనే క్రియలా వినిపిస్తుంది, వువార్ నుంచి వచ్చే "వీస్" మర బిగించినట్టుంటుంది. మాటల్లో మొదట పోయినవి ఇవే.

పాతపుస్తకాల_కొట్టు:

తీరం_లాంప్ గారితో ఒక్కచోట విభేదిస్తాను. రాయక్కర్లేదన్నది వాక్యాలకు వర్తిస్తుంది, స్థిరపడిన పలుకుబళ్లకు కాదు. "ఫ్యూస్" (టోపీతో ఫ్యూ, చిన్న గీత, సీ ఈ, కనీసం అదే అయినా), "నె ఫ్యూస్ కె" (కనీసం ఇంతకైనా), "ప్లూ తో సియెల్" (దైవం కరుణిస్తే) ఇవాళ కూడా పత్రికల్లో మామూలే. "ద్యూసే జ్యొ" (నేను చేయాల్సి వచ్చినా) కూడా ఈ కోవదే. దానికి పాత వర్ణక్రమంలో ఈ మీద కుడివైపు లేచే గీత, 1990 సవరణలో ఎడమవైపుది. రెండూ చెల్లుతాయి.

యానాం_గోదారి:

పాత చేతిరాత కాగితాలు చదివేవారికి ఒక సూచన. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది కాబట్టి మనవైపు కూడా అలాంటివి తగులుతాయి. ఫ్రెంచ్ అకాదెమీ నిఘంటువు 1740 ప్రతిలో, పలకని ఎస్ తీసేసి టోపీ పెట్టడం చాలా పదాలకు జరిగింది. దానికి ముందువాటిలో, చేతిరాతల్లో ఆ తర్వాత కూడా, "ఫ్యూ"ని ఎఫ్ యూ ఎస్ టీ అని, "యూ"ని ఈ యూ ఎస్ టీ అని రాశారు. నిజానికి ఇది మీకు మేలే, ఎస్ ఉంటే సుబ్జోంక్తిఫ్, లేకపోతే పాసే సాంప్ల్. ఇబ్బంది 18వ శతాబ్దం చివరి రాతల్లో: అప్పటికి ఎస్ పోయింది, టోపీ పెట్టే ఓపిక గుమాస్తాకు ఉండదు. అక్కడ బహువచన పరీక్ష ఒక్కటే పనికొస్తుంది.