ఐర్లాండ్‌లో పల్లెలో ఉంటున్నాం, ఊళ్ళో గార్డా (ఇక్కడి పోలీసు) స్టేషన్ లేదు. మీరేం చేస్తున్నారు?

కొత్తకాపురం:
నమస్తే అండి. మా ఆవిడ నర్సు. డబ్లిన్ అద్దెలు భరించలేక ఐదు నెలల కింద పశ్చిమాన ఓ పల్లెకి మారాం. ఇల్లు రోడ్డుకి బాగా లోపలికి ఉంటుంది, పక్కిల్లు పొలం అవతల.

మొన్న మంగళవారం తను నైట్ డ్యూటీలో ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకి తెల్ల వ్యాన్ ఒకటి వాకిట్లోకి వచ్చింది. ఇద్దరు దిగి, "పక్కన పనిలో తారు మిగిలింది, మీ దారికి చవగ్గా వేస్తాం" అన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి తారు! ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడి చూపంతా కిటికీలోంచి లోపలికే. వద్దంటే వెళ్ళిపోయారు గానీ నాకు తెల్లవార్లూ నిద్ర లేదు.

పొద్దున్నే ఊళ్ళో స్టేషన్‌కి వెళ్ళాను. గోడకి స్టేషన్ గుర్తు నీలం దీపం అలాగే ఉంది, గుమ్మంలో పిల్లల సైకిళ్ళు ఉన్నాయి. ఎవరో కొనుక్కుని కాపురం ఉంటున్నారు! వచ్చే నెల అమ్మ వస్తోంది, ఒంటి మీద బంగారంతో. టెన్షన్‌గా ఉంది.

ఇరవయ్యేళ్ళ_నర్సమ్మ:
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఆ రాత్రే ఎమర్జెన్సీ నంబరు 999కి ఎందుకు చేయలేదు? ఇంత చిన్నదానికా అనుకున్నావు కదూ. చెయ్యాలి. 112 అయినా పలుకుతుంది, ఇండియాలో ఉన్న నంబరే. నీ ఎయిర్‌కోడ్, అంటే ఇంటింటికీ విడిగా ఉండే పోస్టల్ కోడ్, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకో. మా వైపు పద్నాలుగు ఇళ్ళకి ఒకటే అడ్రసు, డోర్ నంబర్లు లేవు. 2015లో ఎయిర్‌కోడ్ వచ్చేదాకా "చర్చి దాటాక ఎర్ర గేటు" అని చెప్పుకునేవాళ్ళం.

స్టేషన్ సంగతంటావా, 2012లో 39, 2013లో 100 మూసేశారు. 703 ఉండేవి 564 అయ్యాయి. అప్పటి న్యాయశాఖ మంత్రి అలన్ షాటర్‌ని మా ఊరివాళ్ళు ఇప్పటికీ తిడతారు. నిజం చెప్పాలంటే మాది అంతకుముందే సగం మూతపడింది. పొద్దున కాసేపు తలుపు తీసేవారు, పాస్‌పోర్ట్ ఫారాల మీద సంతకాలు పెట్టించుకోవడానికి వెళ్ళేవాళ్ళం. పోయింది ఆ గది కాదు, అందులో మనిషి. ఏ కారు ఎవరిదో, ఏ ముసలాయన ఒంటరిగా ఉన్నాడో ఆయనకి తెలుసు. నేనొచ్చిన కొత్తలో మంచులో కారు జారి కాలవలో పడితే, పక్క రైతు ట్రాక్టరు తెచ్చి లాగించింది ఆయనే. ఇప్పుడొచ్చే కుర్రాడు మంచివాడే, కానీ నా పేరు ప్రతిసారీ స్పెల్లింగ్ అడుగుతాడు. పైగా 2009 నుంచి 2014 దాకా టెంపుల్‌మోర్‌లోని గార్డా ట్రైనింగ్ కాలేజీలో కొత్తవాళ్ళని తీసుకోలేదు, ఆ లోటు అంత తొందరగా పూడుతుందా?

నువ్వు చేయాల్సింది టెక్స్ట్ అలర్ట్ అనే ఊరి మెసేజ్ గ్రూపులో చేరడం. 2013లోనే మొదలైంది. అనుమానం వస్తే గార్డాకి చెప్తావు, వాళ్ళు చూసుకుని ఊరి కోఆర్డినేటర్‌కి మెసేజ్ పంపుతారు, ఆవిడో ఆయనో అందరికీ పంపుతారు. ఆ మనిషెవరో పోస్టాఫీసులో అడుగు.

బంగారం మాట. మన ఇళ్ళలో ఉంటుందని దొంగలకీ తెలుసు. ఇక్కడ బ్యాంకు లాకరు దొరకడం కష్టం. అమ్మగారిని పుస్తెలతాడు తప్ప మిగతావి అక్కడే పెట్టి రమ్మను. నేను ఈ మాట అంటే మా అత్తగారు వారం రోజులు నాతో మాట్లాడలేదులే.

మండలం_మనిషి:
అక్కా, మన దగ్గర మాత్రం ఊరికో స్టేషన్ ఉందా? మా సిద్దిపేట వైపు స్టేషన్ మండల కేంద్రంలోనే. దొంగలు పడితే మేల్కొనేది వాడకట్టు. ఇక్కడ ఇళ్ళే దూరం, అదే తేడా.

గోదారి_గట్టు:
ఆంధ్రాలో 2019లో గ్రామ సచివాలయానికో మహిళా పోలీసుని పెట్టారు కదండీ. లాఠీ పని కాదనుకోండి, ఊళ్ళో ఒక మనిషైతే వచ్చింది.

కొత్తకాపురం:
అక్కా, పోస్టాఫీసులో అడిగాను. కోఆర్డినేటర్ ఒక రిటైర్డ్ టీచరమ్మ. తలుపు తీస్తూనే "నర్సుగారి భర్తవి నువ్వేనా?" అన్నారు. ఐదు నెలల్లో నేను ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ వ్యాన్ అదే సాయంత్రం వాళ్ళింటికీ వెళ్ళిందట, నంబరు రాసి గార్డాకి ఇచ్చారు కూడా. అలర్ట్ ఊరంతటికీ వెళ్ళింది, మా ఇంటికి తప్ప. ఆవకాయ సీసా ఇచ్చి వచ్చాను. ఘాటని చెప్పాను, వింటారో లేదో.