పదమూడేళ్ల పిల్ల కుటుంబ ప్రార్థనకు రానంటే అమ్మ కూర్చోబెట్టాల్సిందేనా?

సంధ్యాతార: అందరికీ వందనాలు. ఈ వయసు పిల్లలు రాత్రి ప్రార్థనకు రామని మొండికేస్తే తల్లి బలవంతంగానైనా కూర్చోబెట్టాలా, కొన్నాళ్లు వదిలేయాలా? వాక్యాధారంతో చెప్పండి.

ఒలీవకొమ్మ: కూర్చోబెట్టాలి. ద్వితీయోపదేశకాండము 6:7లో ‘అభ్యసింపజేసి’ అని ఉంది. దాని హెబ్రీ మూలపదానికి పదును పెట్టడం అని అర్థం. రాయి మీద పదేపదే రుద్దకుండా ఏ కత్తికీ పదును రాదు. ఒక్క రాత్రి వదిలేస్తే రెండో రాత్రికి అదే అలవాటవుతుంది.

గోధుమగింజ: అక్కా, ఆ వచనం చివరిదాకా చదవండి. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు ‘మాటలాడవలెను’ అని ఉంది. మాట్లాడటానికి ఇద్దరుండాలి. రాత్రి నలభై నిమిషాలు తల్లి ఒక్కతే చదివి, తనే ప్రార్థించి, తనే ఆమేన్ అంటే దాన్ని మాట్లాడటం అనరు.

ఒలీవకొమ్మ: పదును గురించి జవాబు చెప్పకుండా దాటేశారు.

గోధుమగింజ: పదునే కావాలా? ఎక్కువ నొక్కితే అంచు విరుగుతుంది.

చిన్నదీపం: ఇద్దరూ కత్తి వదిలేసి పిల్ల సంగతి చూడండి.

సండేస్కూల్ టీచర్: పిల్లలు ఎక్కడ జారిపోతారో చెబుతాను. మొదటిది భాష. ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’ అని గడగడా అప్పజెప్పే పిల్లని ‘లేమి’ అంటే ఏమిటని అడిగి చూడండి. చాలామందికి తెలియదు. మన బైబిలు గ్రాంథికంలో ఉంది, ఇంగ్లీషు మీడియం పిల్లలకు అది పరాయి భాషలాగే వినపడుతుంది. ముందు ఆ ఒక్క మాట విప్పి చెప్పండి, తర్వాత కంఠత పట్టించండి. రెండోది కంఠత వాక్యం నేర్పే తీరు. ఒకే రాత్రి ఇరవైసార్లు చెప్పిస్తే ఆదివారానికి అప్పజెబుతారు, నెల తిరిగేసరికి ఏమీ మిగలదు. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకి, ఇలా ఎడం పెంచుతూ గుర్తు చేయించాలి. వారానికి ఒక్క వచనం చాలు.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది మూడోది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ‘ప్రభువా, దీనికి బుద్ధి దయచెయ్యి, ఫోను పిచ్చి తీసెయ్యి’ అని ప్రార్థించడం. అది దేవుడితో చెప్పినట్టుండే తిట్టు. పిల్లకు ఎదురు చెప్పే వీలు కూడా ఉండదు. అలాంటి ప్రార్థన ఆపి, పదినిమిషాలకు కుదించి, పిల్లనే ఒక మనవి అడగమనండి. సగం పేచీ అక్కడే తగ్గుతుంది.

గోధుమగింజ: మూడోదానికి వెయ్యి వందనాలు టీచర్ గారూ.

ఒలీవకొమ్మ: పది నిమిషాలా? మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా పందొమ్మిది మందిని కన్నది, సగానికి సగం పసితనంలోనే పోయారు. అయినా వారంలో ఒక్కో రాత్రి ఒక్కో బిడ్డకు కేటాయించింది. గురువారం జాన్ వంతు. పిల్లల మొండితనాన్ని ముందు లొంగదీయాలని 1732లో ఆ జాన్‌కే ఉత్తరం రాసింది.

గోధుమగింజ: మీరు చెప్పినదాంట్లోనే జవాబుంది. ఆ గురువారం జాన్ ఒక్కడే అమ్మతో కూర్చున్నాడు, అది అందరినీ వరసగా కూర్చోబెట్టే కుటుంబ ప్రార్థన కాదు. ఇక పాతకాలపు గొప్ప క్రైస్తవ బోధకుడు అగస్టీను తల్లి మోనికా సంగతి చూడండి. కొడుకు మానికేయులనే వేరే మతం వాళ్ల బోధలో పడితే మొదట ఇంట్లోకి, భోజనం బల్ల దగ్గరికి రానివ్వలేదు. తర్వాత కలలో ఓదార్పు దొరికి రానిచ్చింది. వాడితో వాదించమని ఒక బిషప్పుని వేడుకుంటే, వాణ్ని అలా ఉండనివ్వు, వాడి కోసం ప్రార్థన మాత్రం చెయ్యి అన్నాడాయన. 387లో మిలానులో బాప్తిస్మం పొందేనాటికి అగస్టీనుకు ముప్ఫై దాటాయి.

ఒలీవకొమ్మ: వదిలేసిన తల్లులందరికీ మోనికా దొరుకుతుంది! మీ పిల్లలు వస్తున్నారో లేదో ముందు చెప్పండి.

చిన్నదీపం: అక్కా, ఆ మాట వెనక్కి తీసుకోండి.

గోధుమగింజ: రావడం లేదు. ఇక దాని గురించి నన్ను అడగొద్దు.

ఒలీవకొమ్మ: క్షమించండి. అనకూడని మాట అన్నాను. కానీ పిల్ల సంఘానికి రాకపోతే అందరూ చూసేది తల్లి మొహమే. తండ్రిని ఎవరూ అడగరు. వదిలేయమని మీరు తేలిగ్గా అంటున్నారు, ఆ లెక్క ఎవరు అప్పజెబుతారు?

గోధుమగింజ: ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత పేచీ ఉండేది కాదు. ఎఫెసీయులు 6:4 ‘తండ్రులారా’ అని మొదలవుతుంది. కోపం రేపవద్దన్నదీ, ప్రభువు బోధలో పెంచమన్నదీ వాళ్లకే. ఆ బరువంతా తల్లి నెత్తినపెట్టి, మొయ్యలేక ఆమె పిల్ల రెక్క పట్టి లాగితే, దానికి అభ్యాసం అని పేరు పెడుతున్నాం.

ఒలీవకొమ్మ: పౌలు శిష్యుడు తిమోతికి నేర్పింది అవ్వ లోయి, తల్లి యునీకే. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ ఇంట్లో తల్లి కూడా చేతులెత్తేస్తే?

గోధుమగింజ: చేతులెత్తేయమని నేను ఎక్కడా అనలేదు. ఆమె ప్రార్థన ఆమె మానకూడదు. తలుపు తీసి ఉంచి, అదే వేళకు, వినపడేలా చదువుకోవాలి. నిర్గమకాండము 12:26లో ఈ ఆచారమేమిటని పిల్లలే వచ్చి అడుగుతారు. జరుగుతున్నది కళ్లెదుట ఉంటేనేగా అడిగేది.

ఒలీవకొమ్మ: అడక్కపోతే?

సంధ్యాతార: ఈ రాత్రి తలుపు తీసి, పది నిమిషాలే చదువుతాను. మా అమ్మాయి పేరెత్తి ప్రార్థించను. పక్క గదిలోనే ఉంటుంది, వినపడుతుంది.