లావొక్కింతయు లేదు: ఈ ‘లావు’ తిట్టెప్పుడయింది?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. ‘లావు’. ఇంత తెలిసిన మాటకి చర్చ ఎందుకని అనుకోకండి. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఆ మధ్య బడి నుంచి వచ్చి, బ్యాగు భుజం మీంచి దించకుండానే అడిగింది: “అత్తా, ఏనుగు తనకి లావు లేదని ఏడవడమేంటి?” ఆ రోజు తెలుగు క్లాసులో గజేంద్రమోక్షం పద్యం చదివారట. మీలో చాలామందికి నోటికొచ్చిందే:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చెఁ, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ, మన్నింపందగున్ దీనునిన్,
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

సారు ‘లావొక్కింతయు లేదు’ అని ఇంకా రాగం తీస్తుండగానే వెనక బెంచీలోంచి ఎవడో “లావు లేదంట రా!” అన్నాడు. అందరి తలలూ ఒకేసారి మా పిల్ల వైపు తిరిగాయి. క్లాసులో లావుగా ఉండేది తనొక్కతే. లావంటే ఇక్కడ బలం అని సారు తర్వాత చెప్పారు గానీ, అప్పటికి వినేవాళ్ళెవరూ లేరు. ఆ పూట నుంచి దాని పేరు ‘గజేంద్ర’.

నా చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేసి పక్కన కూర్చుని చదివిన పద్యం అది. అదే పద్యం ఈ పిల్ల మీదికి రాయిలా వచ్చి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు మాట సంగతి చూద్దాం. 15వ శతాబ్దంలో పోతన ఈ పద్యం రాసేనాటికి లావు అంటే బలం, సత్తువ. మొసలితో పెనుగులాడి పెనుగులాడి ఏనుగు అలిసిపోయింది. సత్తువ ఇసుమంత కూడా లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి అని మొరపెట్టుకుంటోంది. ‘తనువున్ డస్సెన్’ అని అదే పద్యంలో విడిగా ఉంది, గమనించండి. తనువు వేరు, లావు వేరు. అంత పెద్ద ఒళ్ళూ అక్కడే ఉంది, లావు మాత్రం పోయింది. ఇప్పటి అర్థంతో చదివితే నవ్వొచ్చే చోట, అప్పటి అర్థంతో చదివితే గుండె పట్టేస్తుంది.

సుమతీ శతకంలోనూ ఈ మాట ఏనుగుతోనే వస్తుంది:

లావుగలవానికంటెను
భావింపఁగ నీతిపరుఁడు బలవంతుండౌ
గ్రావంబంత గజంబును
మావటివాఁ డెక్కినట్లు మహిలో సుమతీ!

కొండంత ఏనుగుని కూడా మావటివాడు ఎక్కి నడిపిస్తాడు, అలాగే లావున్నవాడి కన్నా నీతి తెలిసినవాడిదే పైచేయి అని. ఇక్కడా లావు బలమే. కాకపోతే పక్కనే ‘కొండంత’ అన్న పోలిక పడింది కాబట్టి, ఒంటి పెద్దతనం కూడా ఆ మాటని ఆనుకుని ఉన్నట్టు నాకు తోస్తుంది. బలమున్నవాడు పెద్దగా కనిపిస్తాడు, పెద్దగా కనిపించేవాణ్ణి లావంటారు. చివరికి బలం రాలిపోయి, పెద్దతనం మిగిలింది. మాట ఇలాగే జారి ఉంటుందని నా ఊహ. పాత కావ్యాలు బాగా చదివినవాళ్ళు సరిదిద్దితే సంతోషం.

వస్తువుల దగ్గర ఈ మాటకి నేటికీ ఏ మచ్చా లేదు. లావు దారం, లావు సూది, లావు పుస్తకం. అక్కడ అది వట్టి కొలత. మనిషి దగ్గరికి వచ్చేసరికే ముల్లు మొలుస్తోంది.

‘బలుపు’ది ఇంకా అన్యాయం. ‘వాపుని చూసి బలుపనుకున్నట్టు’ అని సామెత. అందులో బలుపు మంచిది, ఆరోగ్యం. వాపే రోగం. ఇప్పుడు “బలుపా?” అంటే “పొగరా?” అనే. “ఒళ్ళు బలిసిందా”, “కొవ్వెక్కిందా” కూడా అంతే. సన్నగా ఉండే పిల్లాణ్ణి “కొవ్వెక్కిందా నీకు” అని తిడితే వాడు తన అల్లరికే తిట్టు పడిందనుకుని పరిగెత్తిపోతాడు. లావుగా ఉన్న పిల్లని అదే మాట అంటే దానికి రెండుసార్లు తగులుతుంది, ఒకసారి చేసిన పనికి, ఒకసారి ఒంటికి. మనం ఒక్కసారే తిట్టామనుకుంటాం.

ఇంకొకటి. పోయిన ఏడాది కుట్టించిన జాకెట్టు తీసుకుని పిల్లని దర్జీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. పెళ్ళికి లంగా ఓణీ. ఆవిడ టేపు చుట్టి పైకి అంకెలు చెబుతుంటే, లోపల మెషీను దగ్గర కూర్చున్న అమ్మాయి రాసుకుంటోంది. నడుం దగ్గరికి టేపు వచ్చేసరికి మా పిల్ల ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంది. ఆవిడ “వదులమ్మా, వదులు” అని నవ్వి, జాకెట్టు తిరగేసి నాకు చూపించింది: “మూడు కుట్లు వదిలానండీ పోయినేడు. మూడూ విప్పేసినా చాలదు. పాప ఒళ్ళు చేసింది.” విప్పిన చోట గుడ్డ రంగు మాయకుండా కొత్తగా ఉంది, మూడు గీతల్లా. పిల్ల ఆ గీతల వైపే చూస్తోంది.

ఆవిడ మాటలో చెడు లేదు. నేనూ వందసార్లు అన్న మాటే. కానీ ఇంటికొచ్చాక ఆ క్రియ నన్ను పట్టుకుంది. ‘ఒళ్ళు చేసింది’. చేసింది ఎవరు? ఆ పిల్లే, ఏదో కావాలని చేసినట్టు. తగ్గినప్పుడు మాత్రం ‘చిక్కిపోయింది’ అంటాం, పాపం దానంతట అదే జరిగిపోయినట్టు. నడివయసు మగవాళ్ళ విషయంలో ‘పొట్ట వచ్చింది’ అంటాం, చుట్టం వచ్చినట్టు. మగవాళ్ళనీ ఒళ్ళు చేశాడంటాం, కాదనను. కానీ పన్నెండు నుంచి పదహారేళ్ళ మధ్య ఆడపిల్ల ఒంటికి కొంత కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగం. ఆ వయసులోనే ‘చేసింది’ అన్న క్రియ దాని చెవిన ఎక్కువసార్లు పడుతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. నేను పిల్లల పత్రికలకి కథలు రాస్తుంటాను. ఇలాంటి ఒక పదిహేనేళ్ళ అమ్మాయి కథ మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ అమ్మాయిని ఏమనాలి? ‘లావు’ అంటే గుచ్చుకుంటుంది. ‘బొద్దు’ అంటే పసిపిల్లల్నీ, సినిమా పేజీల్లో హీరోయిన్లనీ అనే మాట. ‘స్థూలకాయం’, ‘ఊబకాయం’ ఆరోగ్య శీర్షికల మాటలు, వాటితో పిల్ల మనిషిగా కనిపించదు, కేసుగా కనిపిస్తుంది.

ఇంగ్లీషులో ఈ పని చేసినవాళ్ళున్నారు. జూలీ మర్ఫీ నవల ‘డంప్లిన్’ 2015లో వచ్చింది. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాగానూ వచ్చింది. టెక్సస్‌లో క్లోవర్ సిటీ అనే కల్పిత ఊరు, విల్లోడీన్ అనే అమ్మాయి. తనని తాను ‘ఫ్యాట్’ అనే చెప్పుకుంటుంది, జుట్టు రంగు చెప్పినంత మామూలుగా. వాళ్ళమ్మ ఒకప్పటి అందాల రాణి, ఇప్పుడు అదే పోటీని నడిపిస్తుంటుంది. కూతుర్ని ముద్దుగా పిలిచే పేరు డంప్లిన్. చనిపోయిన లూసీ (వాళ్ళమ్మ తోబుట్టువు) సామాన్లలో ఆ పోటీకి పూర్తి చేయని దరఖాస్తు ఒకటి కనిపిస్తే, ఈ అమ్మాయి తనే పోటీలో పేరు ఇస్తుంది. ఆ లూసీ కూడా లావే. ఆ ఖాళీ దరఖాస్తు దగ్గర నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

అంతకు చాలా ముందు, 1974లో, జూడీ బ్లూమ్ ‘బ్లబ్బర్’ రాశారు. లిండా అనే అమ్మాయి క్లాసులో తిమింగలం గురించి మాట్లాడుతుంది. తిమింగలం చర్మం కింది కొవ్వుని బ్లబ్బర్ అంటారు, ఆ రోజు నుంచి ఆ అమ్మాయికి అదే పేరు. కథ చెప్పేది లిండా కాదు, ఏడిపించేవాళ్ళలో ఒకతి. పాఠంలోంచి పుట్టిన ఎగతాళి పేరు! మా ‘గజేంద్ర’ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. దీన్ని తెలుగులోకి తెస్తే ‘కొవ్వు’ అని పేరు పెట్టలేం, చదివేవాళ్ళు పొగరుబోతు పిల్ల కథ అనుకుంటారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: తిట్టూ కాని, ముద్దూ కాని మాట ఒకటి మన దగ్గర ఉందా?

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు:
అక్కా, మా దిక్కు లావు అని తక్కువ అంటం, దొడ్డు అంటం. దొడ్డు బియ్యం, సన్న బియ్యం. మనిషిని కూడా “దొడ్డుగైనవ్” అంటరు. చిన్నప్పుడు నన్నూ అన్నరు, నాకూ మంచిగనిపించలే. కానీ అదే మాటకు ఇంకో ముఖం ఉన్నది చూడు. ‘దొడ్డ మనసు’, ‘దొడ్డవాడు’ అంటే గొప్పోడు. మీ లావులో బలం ఉన్నట్టే మా దొడ్డులో గొప్పతనం ఉన్నది. డంప్లిన్ అంటే ఆవిరి మీద ఉడికించే పిండి ఉండ కదా, ‘కుడుము’ అనొచ్చు. మా అమ్మమ్మ మా చెల్లెను “కుడుమూ” అనే పిలిచేది.

గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ వేదన అర్థమైంది. పద్యం చెప్పేటప్పుడు ముందు అర్థం చెప్పి తర్వాత రాగం తీయాలని మాకు శిక్షణలో చెప్పేవారు. ఆ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ఆ పసిదానికి ఆ పేరు పడేది కాదు. నా సలహా మాత్రం ‘బొద్దుగా’ అని రాయమనే. పిల్లలు చదివే కథలో లావు అని ఎందుకు? నొప్పించని మాట ఉండగా నొప్పించే మాట వాడడం ఎందుకు?

నా జవాబు:
మాస్టారూ, ముందర అర్థం, తర్వాత రాగం అన్న మీ మాట కళ్ళకద్దుకుంటాను. బొద్దు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేకపోతున్నాను, క్షమించండి. మెత్తటి మాట వాడిన ప్రతిసారీ ‘నీ గురించి ఉన్నదున్నట్టు చెప్పలేం’ అని చెప్పినట్టే అవుతుంది. పొడుగు పిల్లని పొడుగనే రాస్తాం, నల్లటి జుట్టుని నల్లటి జుట్టనే రాస్తాం. దీనికొక్కదానికే మెత్త కడితే, ఇందులో దాచాల్సిందేదో ఉందని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. కథలో నొప్పి మాటలో కన్నా, ఆ మాట ఎవరి నోట్లోంచి, ఎంతమంది మధ్య వచ్చిందన్నదాంట్లో ఉంటుందని నేను నమ్ముతాను.

కరీంనగర్ తమ్ముడూ, ‘కుడుము’ భలే ఉంది. అమ్మమ్మ నోట్లో అది ముద్దు, పదిమంది మధ్య అదే మాట ఎలా ఉంటుందో మీ చెల్లెలే చెప్పాలి. వీలైతే అడిగి రాయండి. ఆ నవలలో తల్లీకూతుళ్ళ మధ్య నలిగేదీ ఆ పిలుపే.

ఇక మా పిల్ల సంగతి. పోతన అర్థం, సుమతి అర్థం అన్నీ కూర్చోబెట్టి చెప్పాను. శ్రద్ధగా విని, “అది అప్పుడు కదత్తా. ఇప్పుడు బలం అని ఎవరూ అనుకోరుగా” అంది. నాకు జవాబు దొరకలేదు. నిజమే. ఐదొందల ఏళ్ళ కిందటి అర్థం రేపు పొద్దున బడికి వెళ్ళే పిల్లకి గొడుగు పట్టదు.

రెండు రోజుల తర్వాత నా కథ కాగితాలు టేబుల్ మీద ఉంటే చదివింది. మొదటి వాక్యంలో నేను ‘కాస్త బొద్దుగా’ అని రాసి ఉంచాను. పెన్సిలు తీసుకుని ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన ‘లావుగా’ అని రాసింది. తర్వాత కాసేపు ఆలోచించి, “పొడుగు కూడా పెట్టత్తా. మా క్లాసులో అందరికన్నా నేనే పొడుగు, అది ఎవరూ చెప్పరు” అంది.

పెట్టాను. ఇప్పుడు వాక్యం ఇలా ఉంది: ‘క్లాసులో అందరికన్నా పొడుగ్గా, లావుగా ఉండే ఆ అమ్మాయి చివరి బెంచీ నుంచి లేచి ముందు వరసలోకి వచ్చి కూర్చుంది.’