అప్‌డేట్: ఏఐకి నోట్సు పరిస్థితి ఒక్క చూపులో చెప్పే టూల్ పెట్టాను
మొన్న అడిగాను గదా, ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల గుంటల నోట్సంతా ఒబ్సిడియన్ అనే నోట్సు యాప్‌లో ఉంది, "పెండింగ్ ఏముంది?" అంటే ఏఐ అసిస్టెంట్ ఫైళ్లన్నీ తెరిచి, కాంటెక్స్ట్ (అది ఒకేసారి గుర్తుంచుకోగలిగే మేర) నిండిపోయి, మధ్యలో తికమక పడుతోందని. ముందు నోట్సు పరిస్థితి చెప్పే స్టేటస్ టూల్ ఒకటి ఇవ్వమని ఇక్కడ కొందరన్నారు. ఇచ్చాను, పని చేస్తోంది.

ఎంసీపీ సర్వర్‌లో (ఏఐకి బయటి టూల్స్ అందించే ప్రోగ్రామ్) చిన్న పైథాన్ ఫంక్షన్, అంతే. నోట్సు ఎటూ మార్క్‌డౌన్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయి, ఈమధ్య ఏవి మారాయి, తెగిన లింకులు, ఇన్‌బాక్స్‌లో సర్దకుండా పడున్నవి చెబుతుంది. లోపలి విషయం ఒక్క ముక్క పంపదు, దేన్నీ మార్చదు. కావాల్సిన ఫైలు తర్వాత అసిస్టెంటే తెరుచుకుంటుంది.

సెర్చ్ ఇండెక్స్ (నోట్సులో వెతకడానికి ముందే కట్టిపెట్టుకున్న పట్టిక) ఎప్పటిదో కూడా చూపించమన్న సలహా మాత్రం బంగారం. ఇండెక్స్ పాతదైతే, నోటు కళ్లెదుట ఉన్నా అసిస్టెంట్ "లేదండీ" అనేస్తుంది, అదీ ఎంత ధీమాగానో! ఇప్పుడు "రెండో గుంట నోటు ఇండెక్స్ తర్వాత మారింది, నేరుగా ఫైలే చూస్తున్నా" అని ముందే చెబుతోంది. "చెక్‌ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మేత మిగిలింది, రేపు తగ్గించాల" అని మా బావ వాయిస్‌లో పెట్టిన ముక్క ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతే పట్టిచ్చిందీ ఇదే.

ఒక్క తిరకాసు మిగిలింది. ఫోన్‌తో సింక్ అయినప్పుడల్లా ఫైళ్ల తేదీలు మారిపోయి, అన్నీ ఈరోజే రాసినట్టు కనిపిస్తున్నాయి. నోటు మొదట్లో రాసిన తేదీనే తీసుకునేలా మారుస్తున్నా. కోడ్ అడిగినవాళ్లకి అదయ్యాక పెడతా.